ట్రాక్‌ప్యాడ్ దుకాణంలోనే తేల్చుకోండి, మౌస్ తర్వాతైనా కొనుక్కోవచ్చు

సంపాదకులకు,

నమస్కారం. కొత్త ల్యాప్‌టాప్ కొనేవారికి సలహాలిస్తూ మీ బెంగళూరు ఎడిషన్‌లో వచ్చిన వ్యాసంలో ప్రాసెసర్, ర్యామ్, ఎస్‌ఎస్‌డీల గురించి వివరంగానే రాశారు. చివర్లో మాత్రం మౌసా, ట్రాక్‌ప్యాడా (కీబోర్డు కింద వేలితో జరిపే పలక) అన్నది ఎవరి అలవాటు వారిదని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఎస్‌పీ రోడ్ సందుల్లో ల్యాప్‌టాప్‌లు విప్పి బిగించే మాకు ఆ ముక్క దగ్గరే పేచీ.

ర్యామ్ చాలకపోతే చాలా మోడళ్లలో పెంచుకోవచ్చు. మౌస్ నచ్చకపోతే ఐదారు వందలు పెట్టి ఇంకోటి తెచ్చుకోవచ్చు. ట్రాక్‌ప్యాడ్‌కి ఆ వీలు లేదు. కొన్న రోజు ఏది వచ్చిందో ఆ ల్యాప్‌టాప్ ఉన్నన్నాళ్లూ దానితోనే నెట్టుకురావాలి. పాడైతే అదే మోడల్‌ది తెచ్చి వేస్తాం గానీ, నాసిరకం తీసేసి మేలురకం పెట్టమంటే కుదరదు. కొలత, కేబుల్, స్క్రూలు పట్టే చోటు అన్నీ ఆ మోడల్‌కే సరిపోయేలా ఉంటాయి. అయినా కొనేవాళ్లు బ్యాగూ మౌసూ ఉచితంగా ఇమ్మని అరగంట బేరమాడతారు, ట్రాక్‌ప్యాడ్ మీద ఒక్కసారి వేలు పెట్టి చూడరు. ఆ ఉచిత మౌస్ ఉన్నంతకాలం ట్రాక్‌ప్యాడ్ లోపం బయటపడదు. ఏ బస్సులోనో, మీటింగ్‌లోనో మౌస్ లేకుండా పని చేయాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. అప్పటికి మార్చి ఇచ్చే గడువు దాటిపోయి ఉంటుంది.

అందుకని ముందు దుకాణంలో చేయాల్సిన పని చెబుతాం. ఐదు నిమిషాలు చాలు. ప్రదర్శనకు పెట్టిన ల్యాప్‌టాప్‌లో బొమ్మలు గీసే పెయింట్ ప్రోగ్రామ్ తెరవండి. ఎడమచేతి బొటనవేలితో ట్రాక్‌ప్యాడ్ కింది ఎడమ మూలను నొక్కి పట్టి, కుడి చూపుడువేలితో ఐమూలగా ఒక గీతను చాలా నెమ్మదిగా గీయండి. మంచి ట్రాక్‌ప్యాడ్ మీద గీత తిన్నగా వస్తుంది. నాసిరకం దాని మీద మెట్లు మెట్లుగానో, వంకరటింకరగానో వస్తుంది. వేగంగా గీస్తే ఈ లోపం కనిపించదు, నెమ్మదే ఇక్కడ పరీక్ష. తర్వాత ఏదైనా పొడవైన పేజీ తెరిచి రెండు వేళ్లతో జరపండి. వేళ్లు ఆగిన చోట పేజీ ఆగుతుందా, ఒక గెంతు గెంతి ఆగుతుందా చూడండి. రెండు వేళ్లు దూరం జరిపి ఫొటో పెద్దది చేయండి. నాలుగు మూలల్లోనూ, నడుమా, పై అంచు దగ్గరా నొక్కి చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లలో పలక పై అంచు దగ్గర మడతబందు మీద ఉంటుంది కాబట్టి కింద తేలిగ్గా, పైన గట్టిగా నొక్కుడు పడుతుంది. కొంత తేడా సహజమే. నడుమ కూడా బలం పెట్టాల్సి వస్తున్నా, వదులుగా గడగడలాడుతున్నా ఆ మోడల్ వద్దనుకోండి.

మాక్‌బుక్‌లలో 2015 నుంచి వచ్చిన ఫోర్స్ టచ్ రకం పలక అసలు కిందికి దిగదు. ఎంత ఒత్తారో లోపలి సెన్సర్లు పసిగడతాయి, చిన్న కంపనం పుట్టించి నొక్కినట్టు వేలిని నమ్మిస్తాయి. అందుకే ఏ మూల నొక్కినా ఒకేలా ఉంటుంది. ల్యాప్‌టాప్ ఆపేసి నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు, చెడిపోయిందని కంగారు పడొద్దు. కొన్ని ఖరీదైన విండోస్ మోడళ్లలోనూ ఇప్పుడు ఈ పద్ధతి వచ్చింది. పలక పైపొర గాజుదైతే వేలు జారుతుంది, ఏళ్లు గడిచినా ఆ గుణం మారదు. ప్లాస్టిక్ పొరైతే రెండు మూడేళ్లకి నడుమ నున్నగా మెరిసి, అక్కడే వేలు పట్టేస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్ అయితే సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైజెస్, అందులో టచ్‌ప్యాడ్ తెరవండి. మూడు వేళ్ల, నాలుగు వేళ్ల సైగల విభాగాలు కనిపిస్తే అది ప్రెసిషన్ టచ్‌ప్యాడ్, అంటే దాన్ని నడిపేది విండోసే. 2013లో విండోస్ 8.1తో వచ్చిన ఏర్పాటు ఇది. అంతకుముందు ఒక్కో కంపెనీ డ్రైవర్ (పలకను నడిపే సాఫ్ట్‌వేర్) ఒక్కో తీరుగా నడిచేది, పాత మోడళ్లలో ఇప్పటికీ అంతే. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఇది తప్పక చూసుకోవాలి.

ఆన్‌లైన్‌లో కొనదలచినా అదే మోడల్‌ను ఏదో ఒక షోరూములో ఒకసారి తాకి వచ్చాకే డబ్బు కట్టండి. ఫొటోలో ట్రాక్‌ప్యాడ్‌లన్నీ ఒకేలా ఉంటాయి. పెద్దదైతే మంచిదన్న మాటా నమ్మక్కర్లేదు. పలక వెడల్పైన కొద్దీ టైపు చేసేటప్పుడు అరచేయి దాని మీద ఆనుతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో తెలుగు టైపు చేసేవారు షిఫ్ట్ మాటిమాటికీ వాడాలి, దీర్ఘాలకి వేళ్లు పై వరసకి పోతాయి, అరచేయి కుదురుగా ఉండదు. కర్సర్ ఉన్నట్టుండి రెండు పేరాల పైకి ఎగిరి అక్కడ అక్షరాలు పడటానికి కారణం ఇదే. దుకాణంలో నోట్‌ప్యాడ్ తెరిచి ఓ పది వరసలు గబగబా టైపు చేస్తే ఆ మోడల్ అరచేతిని పట్టించుకోకుండా ఉండగలదో లేదో తెలిసిపోతుంది.

ఇప్పటికే కొని, ట్రాక్‌ప్యాడ్ పాడైందని మా దగ్గరికి తెచ్చేవాటిలో చాలా వరకు అసలు పాడైనవి కావు. వేలు పెట్టకుండానే కర్సర్ వణకడం, పెట్టిన చోట నిలవకపోవడం, తనంతట తానే క్లిక్ పడటం అన్నవి సాధారణ ఫిర్యాదులు. ముందు చార్జర్ పీకి చూడండి. పీకగానే కుదుటపడితే లోపం ట్రాక్‌ప్యాడ్‌ది కాదు, ఎర్త్‌దో చార్జర్‌దో.

కారణం ఇదీ. ట్రాక్‌ప్యాడ్ అడుగున సన్నని తీగల గడి ఉంటుంది. దాని మీద అతి స్వల్పమైన విద్యుత్ ఆవేశం నిలిచి ఉంటుంది. మన వేలు విద్యుత్ వాహకం కాబట్టి దగ్గరికి రాగానే ఆ గడిలో ఆ చోట ఆవేశం కాస్త మారుతుంది, ఆ మార్పును లెక్కగట్టి వేలు ఎక్కడుందో కనుక్కుంటుంది. ఇది ఎంత సున్నితమైన కొలతంటే చుట్టూ విద్యుత్ అలజడి ఉంటే తడబడుతుంది. ల్యాప్‌టాప్ చార్జర్‌లో ఫేజ్ నుంచీ న్యూట్రల్ నుంచీ ఎర్త్‌కి చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి, ఈ అలజడిని భూమిలోకి పంపేయడానికి. ఎర్త్ లేకపోతే అది పోయే దారి లేక ల్యాప్‌టాప్ లోహపు ఒంటి మీదే నిలుస్తుంది. మన 230 వోల్టుల సరఫరాలో దాదాపు సగం వోల్టేజి అక్కడ తేలుతుంది. కరెంట్ అతి స్వల్పం కాబట్టి షాక్ కొట్టదు గానీ, మణికట్టు ఆనిస్తే జివ్వుమంటుంది. ఆ జివ్వుమనడమూ కర్సర్ వణుకూ ఒకే తల్లి పిల్లలు.

మారతహళ్లి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ పీజీల్లో (పేయింగ్ గెస్ట్ వసతుల్లో) ఇది మరీ ఎక్కువ. గదికి ఒకటే సాకెట్, దాని నుంచి చవక ఎక్స్‌టెన్షన్ బాక్స్, అందులోకి మూడు పిన్నుల చార్జర్‌ను రెండు పిన్నులుగా మార్చే అడాప్టర్. ఎర్త్ అక్కడే తెగిపోయింది. కొందరైతే ఎర్త్‌కి ఉన్న లావు పిన్ను పట్టడం లేదని కోసేస్తారు. ఆ పని మాత్రం ఎప్పుడూ చేయొద్దు, అది ట్రాక్‌ప్యాడ్ సంగతి కాదు, ప్రాణం సంగతి. మూడు పిన్నుల తీగ ఉన్న ఎక్స్‌టెన్షన్ కొనండి, బాక్స్‌కి మూడు రంధ్రాలున్నంత మాత్రాన లోపల మూడో తీగ ఉన్నట్టు కాదు. బాక్స్ మంచిదైనా గోడ సాకెట్‌లో ఎర్త్ లేని బిల్డింగులూ ఉన్నాయి, ఎలక్ట్రీషియన్ చేత చూపించమని యజమానిని అడగండి. పోయిన చార్జర్ బదులు కొనే చవకరకం వాటిలో విద్యుత్ అలజడి వడపోత సరిగా ఉండదు, ఎర్త్ ఉన్నా కర్సర్ ఎగిరేది వాటితోనే. కొన్ని పలచని టైప్ సి చార్జర్లు పుట్టుకతోనే రెండు పిన్నులవి. వాటిలో మంచి కంపెనీవి సాధారణంగా ఇబ్బంది పెట్టవు.

చెమట చేతులూ, తడి చేతులూ ఇదే కొలతను చెడగొడతాయి. నీటిచుక్కను కూడా గడి వేలనుకుంటుంది. మెత్తని గుడ్డను నీళ్లలో ముంచి గట్టిగా పిండి తుడవండి, ల్యాప్‌టాప్ ఆపేసి. నేరుగా స్ప్రే కొట్టకండి, ద్రవం అంచు సందుల్లోంచి బ్యాటరీ మీదికి దిగుతుంది.

బ్యాటరీ అన్నాం కాబట్టి, ఈ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇక్కడే చెప్పాలి. పలచని ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ చాలావరకు ట్రాక్‌ప్యాడ్ కిందా, దానికి రెండు పక్కలా ఉంటుంది. లిథియం బ్యాటరీ చెడితే లోపల గ్యాస్ పుట్టి ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు మొదట పైకి లేచేది ట్రాక్‌ప్యాడే. నొక్కుడు గట్టిపడటం, కొన్నాళ్లకి అసలు క్లిక్ పడకపోవడం, పలక ఒక పక్క ఎత్తుగా కనిపించడం, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగడం దీని గుర్తులు. చాలామంది ఇది చూసి ట్రాక్‌ప్యాడ్ పోయిందనుకుని మౌస్ కొనుక్కుని నెలల తరబడి వాడేస్తారు. మౌస్ పెట్టుకోవడం వల్ల ప్రమాదం కప్పబడి ఉంటుందే తప్ప తగ్గదు. అలాంటి గుర్తు కనిపించగానే ఆపేయండి, చార్జర్ తీసేయండి, పైకి లేచినదాన్ని అదమొద్దు, గుచ్చొద్దు, చార్జింగ్ పెట్టి మరోసారి చూద్దామనుకోవద్దు. డేటా బ్యాకప్ లేకపోయినా మళ్లీ ఆన్ చేయొద్దు, ఎస్‌ఎస్‌డీలో ఉన్నది బ్యాటరీ తీశాకైనా తీసుకోవచ్చు. సర్వీసుకి ఇచ్చేటప్పుడు బ్యాటరీ ఉబ్బిందని ముందే చెప్పండి. తీసిన బ్యాటరీ చెత్త బండిలో వేయొద్దు, నొక్కుకుపోతే అంటుకుంటుంది. ఇ-వేస్ట్ తీసుకునేవారికే ఇవ్వాలి.

ఉబ్బడానికి వేడి పెద్ద కారణం. పరుపు మీద, దిండు మీద పెట్టి పని చేస్తే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. రోజంతా చార్జర్‌కి కట్టేసి నూరు శాతం మీద ఉంచడం మరో కారణం. చాలా కంపెనీల యాప్‌లో చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే వీలుంది, బల్ల దగ్గర వాడేవాళ్లు అది పెట్టుకోవాలి.

ఎర్తూ బ్యాటరీ రెండూ కారణం కాకపోతే సెట్టింగ్స్ చూడండి. విండోస్ టచ్‌ప్యాడ్ పేజీలో సెన్సిటివిటీ నాలుగు మెట్లుగా ఉంటుంది. టైపు చేస్తుంటే కర్సర్ ఎగిరేవారు దాన్ని మీడియంకో లోకో దించితే సగం బాధ పోతుంది. ఒక వేలితో తట్టితే క్లిక్, రెండు వేళ్లతో తట్టితే రైట్ క్లిక్ అన్నవి ఆన్‌లో పెట్టుకోండి, గట్టిగా నొక్కే పని తప్పి వేలి కణుపులకి విశ్రాంతి. మాక్‌లో తట్టితే క్లిక్ అన్నది మొదట ఆఫ్‌లో ఉంటుంది, ట్రాక్‌ప్యాడ్ సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోవాలి. మూడు వేళ్లతో లాగడం అన్న మంచి సదుపాయాన్ని ఎందుకో యాక్సెసిబిలిటీలో పాయింటర్ కంట్రోల్ కింద దాచిపెట్టారు. అది ఆన్ చేసుకున్నవారు మళ్లీ మౌస్ వైపు చూడటం తగ్గిస్తారు.

ఎందుకంటే, మౌస్ కావాలా వద్దా అన్నదాన్ని తేల్చేది లాగుడు పనే. చూపించి నొక్కడం ఎవరైనా ఎలాగైనా చేస్తారు. నొక్కి పట్టి కదపడం దగ్గరే తేడా వస్తుంది. మౌస్ మీద కదిపేది చేయి, నొక్కేది వేలు. ట్రాక్‌ప్యాడ్ మీద రెండూ ఒకే వేలి పని. గట్టిగా నొక్కిన కొద్దీ వేలు పలకని పట్టుకుంటుంది, జరపాలంటే మొరాయిస్తుంది, వదిలేటప్పుడు వేలి కొస వెడల్పు మారి కర్సర్ ఒక వెంట్రుకవాసి జారుతుంది. ఎక్సెల్‌లో ఒక గడిని కింద వంద వరసలకి లాగడం, పెళ్లి శుభలేఖ డీటీపీలో పేర్ల పెట్టెను రెండు మిల్లీమీటర్లు పక్కకి జరపడం, ఫొటోలో అంచు కత్తిరించడం, వీడియో ముక్కలు అతకడం, ఇవన్నీ లాగుళ్లే. ఇలాంటివి రోజుకి గంట మించి చేసేవారు మౌస్ కొనాల్సిందే.

ఆటోక్యాడ్ వారికి సందేహమే అక్కర్లేదు. చక్రాన్ని తిప్పితే దగ్గరా దూరం, నొక్కిపట్టి జరిపితే డ్రాయింగ్ జరగడం, రెండుసార్లు నొక్కితే మొత్తం తెర మీదికి రావడం, ఈ మూడూ చక్రం మీదే నడుస్తాయి. బ్లెండర్ లాంటి త్రీడీ సాఫ్ట్‌వేర్‌లోనూ నడిమి బటన్ ఉంటేనే పని హాయిగా సాగుతుంది. ఇంజినీరింగ్ పిల్లలకి ల్యాప్‌టాప్ కొనిచ్చే తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాల్సింది ఇది: సివిల్, మెకానికల్ చదివేవారికి మౌస్ పాఠ్యపుస్తకం లాంటిది, కంప్యూటర్ సైన్స్ వారికి ఉంటే మంచిదే, లేకపోయినా నడుస్తుంది. కోడ్ రాసేవారి చేతులు ఎక్కువసేపు కీబోర్డు మీదే ఉంటాయి, మౌస్ దాకా చేయి పోయి రావడం కన్నా బొటనవేలి కింద ఉన్న ట్రాక్‌ప్యాడ్ దగ్గర. ట్యాలీలో లెక్కలు రాసేవారికి రెండిటితోనూ పెద్ద పని లేదు, ఆ సాఫ్ట్‌వేర్ కీబోర్డు మీదే పరిగెడుతుంది. చదవడం, పొడవాటి పేజీలు జరపడం, అడ్డంగా విస్తరించిన పట్టికలు చూడటం, మ్యాప్ దగ్గరగా తెచ్చుకోవడం, డెస్క్‌టాప్‌లు మార్చడం ట్రాక్‌ప్యాడ్ మీదే హాయి. మౌస్‌తో అడ్డంగా జరపాలంటే షిఫ్ట్ పట్టుకుని చక్రం తిప్పాలి, అదీ అన్నిచోట్లా పని చేయదు.

1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సూత్రం చెప్పారు: గురి ఎంత దూరమైతే, ఎంత చిన్నదైతే దాన్ని చేరడానికి అంత ఎక్కువ సమయం పడుతుందని. రెండు తెరలు కలుపుకుని పని చేసేవారికి ఇది నిత్యానుభవం. ఈ తెర మూల నుంచి ఆ తెర మూలకి ట్రాక్‌ప్యాడ్ మీద మూడు నాలుగు ఈడ్పులు, మౌస్‌తో మణికట్టు ఒక్క విసురు.

కూర్చునే చోటు ఇంకో లెక్క. మౌస్‌ను డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం 1964లో తయారుచేసింది బల్ల మీద పెట్టే యంత్రం కోసం, అదీ చెక్క డొప్పతో. ట్రాక్‌ప్యాడ్ ఒళ్లో పెట్టుకునే యంత్రంతో వచ్చింది. 1994లో ఆపిల్ పవర్‌బుక్ 500 వరస దాన్ని జనంలోకి తెచ్చింది. నేటికీ ఆ తేడా పోలేదు. పక్కన జానెడు ఖాళీ లేని చోట, మెట్రోలో, అనంతపురమో నెల్లూరో వెళ్లే రాత్రి బస్సులో, పీజీ మంచం మీద మౌస్ వృథా. ఈ లెక్క తిరగబడే సందర్భం ఒకటి ఉంది: మెడనొప్పని ల్యాప్‌టాప్‌ను స్టాండ్ మీద కళ్లెత్తుకి పెట్టేవారికి ట్రాక్‌ప్యాడ్ పనికిరాదు. చేతులు గాల్లో లేపి పని చేస్తే మెడనొప్పి పోయి భుజం నొప్పి వస్తుంది. స్టాండ్ కొంటే విడి కీబోర్డూ మౌసూ కూడా కొనాలి, మూడూ ఒకే బిల్లు.

ఇక మౌస్ కొనడం. ఆప్టికల్ మౌస్ అడుగున చిన్న కెమెరా ఉంటుంది. అది సెకనుకి వెయ్యికి పైగా ఫొటోలు తీసి, ఒకదానికీ మరొకదానికీ ఉపరితలంలోని గరుకు ఎంత జరిగిందో పోల్చుకుంటుంది. గరుకే లేకపోతే పోల్చడానికి ఏమీ ఉండదు. మన ఇళ్లలో నల్ల గ్రానైట్ బల్లలూ గాజు డైనింగ్ టేబుళ్లూ ఉన్నచోట కర్సర్ మొండికేసేది అందుకే. మౌస్ మార్చక్కర్లేదు, ఒక ఎ4 కాగితం వేసి చూడండి, పని చేస్తే ఓ గుడ్డ మౌస్‌ప్యాడ్ కొనండి. గాజు మీదే వాడాలంటే లాజిటెక్ డార్క్‌ఫీల్డ్ లాంటి సెన్సర్ ఉన్నవి కొనాలి, వాటికీ గాజు కనీసం 4 మిల్లీమీటర్ల మందం ఉండాలి. డబ్బా మీద డీపీఐ (మౌస్ అంగుళం జరిగితే ఎన్ని చుక్కలు లెక్కిస్తుందన్న అంకె) పదహారు వేలని రాసి ఉంటే మురిసిపోవద్దు, ఆఫీసు పనికి 800 నుంచి 1600 చాలు.

తీగ ఉన్నదా, లేనిదా? ఒకే బల్ల దగ్గర కూర్చునేవారికి తీగ మౌసే మంచిది. చవక, బ్యాటరీ గొడవ లేదు, కర్సర్ ఆలస్యం లేదు. డాంగిల్ (పోర్టులో పెట్టే బుల్లి రిసీవర్) ఉన్న వైర్‌లెస్ మౌస్ 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. పక్క పోర్టులో యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ పెట్టగానే మౌస్ కుంటుతుందని చాలామంది చెబుతారు. యూఎస్‌బీ 3 పోర్టూ కేబులూ అదే పౌనఃపున్యంలో రొద పుట్టిస్తాయి, ఇంటెల్ 2012లోనే దీని మీద పత్రం వెలువరించింది. డాంగిల్‌ను రెండో వైపు పోర్టుకి మార్చండి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో జానెడు దూరం జరపండి. పీజీల్లో ఒక్కో అంతస్తులో పది రౌటర్లు అదే తరంగం మీద కొట్టుకుంటాయి కాబట్టి ల్యాప్‌టాప్ వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చినా మేలు కనిపిస్తుంది. టైప్ సి పోర్టులు మాత్రమే ఉన్న ల్యాప్‌టాప్‌లకి బ్లూటూత్ మౌస్ కొనడం సులువు. కాసేపు ఊరుకుంటే నిద్రపోయి మొదటి కదలికకి తడుముకోవడం దాని గుణం, విండోస్ మళ్లీ ఎక్కించేటప్పుడు అది పలకదు. చవక డాంగిల్ మౌస్‌లో డాంగిల్ పోతే మౌస్ కూడా పోయినట్టే, జత విడిగా దొరకదు. బ్యాటరీ మూత కింద డాంగిల్ దాచే గూడు ఉందో లేదో చూసి కొనండి.

మౌస్ జబ్బులు మూడే. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడటం మొదటిది. ఫైల్ లాగుతుంటే మధ్యలో జారిపోవడం దీని మొదటి గుర్తు. లోపలి మైక్రోస్విచ్ మీద కోటి, రెండు కోట్ల నొక్కుళ్లని రాసి ఉంటుంది. కానీ అందులోంచి పోయే కరెంట్ మరీ తక్కువ కాబట్టి లోహం మీద పట్టిన ఆక్సైడ్ పొర కాలిపోదు, చిన్న రాగి ఆకు బిగువు కూడా తగ్గుతుంది, ఒక నొక్కుడు రెండుగా చిట్లుతుంది. సెట్టింగ్స్‌లో డబుల్ క్లిక్ వేగం మార్చినా లాగుడు బాగుపడదు. స్విచ్ మార్చడమే మందు. ఖరీదైన మౌస్ అయితే మార్పించండి. టంకం పట్టడం తెలిసినవారు తక్కువ వాడుక ఉన్న కుడి స్విచ్‌ను ఎడమకి మార్చినా ఏడాది రెండేళ్లు నెట్టుకురావచ్చు, రెండూ ఒకే రకమైతే. ఐదొందల మౌస్‌కి కూలి గిట్టదు. రెండోది, చక్రం కిందికి తిప్పితే పేజీ పైకి గెంతడం. చక్రం ఇరుసు దగ్గర వెంట్రుకలూ దుమ్మూ చేరతాయి, విప్పి తుడిచి, చక్రం తిరుగుడును లెక్కించే ఎన్‌కోడర్‌లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి ఆరనిస్తే సాధారణంగా సరిపోతుంది. మూడోది బ్యాటరీ కారడం. సెలవులకి ఊరెళ్లేటప్పుడు సెల్ తీసేయరు, వచ్చేసరికి స్ప్రింగ్ మీద తెల్లని పొక్కు. ఆల్కలైన్ సెల్ కారితే వెనిగర్‌లో తడిపిన దూదితో తుడిచి, బాగా ఆరాకే కొత్త సెల్ వేయాలి.

చేతి నొప్పి గురించి ఒక మాట. నంబర్ల గడి ఉన్న 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లలో మౌస్ మరింత కుడికి పోతుంది, భుజం బయటికి చాచి గంటలు గడపాల్సి వస్తుంది. అలాంటివారు మౌస్‌ను ఎడమ చేతికి మార్చుకుని చూడవచ్చు, వారం పది రోజులు వింతగా ఉంటుంది. మౌస్‌ను మణికట్టు నుంచి కాక మోచేతి నుంచి కదపాలి, మణికట్టు బల్ల అంచు మీద ఒత్తుకోకూడదు. అరచేతికి చాలని బుల్లి మౌస్‌లు సంచీలో పెట్టుకోవడానికే, రోజంతా వాడటానికి కావు. పొద్దున మౌస్, సాయంత్రం ట్రాక్‌ప్యాడ్ అని మార్చి వాడితే ఒకే కండరం మీద భారం పడదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రుళ్లు మెలకువ వస్తుంటే ఏ పరికరం కొనాలా అని వెతకడం మాని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

మీ నుంచి కోరేది ఒకటుంది. ల్యాప్‌టాప్‌లను పోలుస్తూ మీరు వేసే పట్టికల్లో ట్రాక్‌ప్యాడ్‌కి కూడా ఒక గడి కేటాయించండి. పలక పొడవు వెడల్పులు, పైపొర గాజా ప్లాస్టిక్కా, మడతబందు మీద నొక్కేదా కంపనంతో పలికేదా, చార్జర్‌కి పిన్నులెన్ని, ఈ నాలుగు వివరాలు చాలు. ఇవి చాలా కంపెనీల వివర పత్రాల్లో ఉండవు, మీ విలేకరి స్కేలు పట్టుకుని షోరూముకి వెళ్లి రావాలి.

ఇట్లు,
ల్యాప్‌టాప్ మరమ్మతు చేసే తెలుగు టెక్నీషియన్లం,
ఎస్‌పీ రోడ్, బెంగళూరు